తువ్వాలు కింద

గుంటూరు మిర్చి యార్డులో పద్దెనిమిదేళ్లు.
కాయ విరిస్తే చాలు,
గింజలు కదిలే చప్పుడుకి తేమ ఎంతో చెప్పేస్తాను.
ఏది తేజా, ఏది తాలు,
చీకట్లో కూడా నా వేళ్లకి తెలుసు.
గిటారు కొనడం మాత్రం తెలీదు.

పాతది ఒకటుంది. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో
పదకొండేళ్లు నాతో పాటు మేలుకుంది.
మే నెల వస్తే మెడ వంగుతుంది.
మొదటి పాటకి శ్రుతిలో ఉంటుంది, మూడో పాటకి ఉండదు.
జనరేటర్ మొదలైతే అదీ మొదలెడుతుంది
ఊఁ... అని,
పెళ్లికొడుకు మేనమామ భోజనం ఆపి
స్టేజీ కేసి చూసేలా.

అరండల్‌పేటలో కొట్టు. లోపల ఏసీ.
జేబులో చిట్టీ డబ్బు ముప్పై ఆరు వేలు,
రబ్బరు బ్యాండు రెండు చుట్లు.
"ఏ రేంజిలో చూపించమంటారు సార్?"
మధ్యరకం, అన్నాను.
మా దగ్గర ఆ మాటకి అర్థముంది.
మొదటి రకం ఓడెక్కుతుంది,
తాలు మిల్లుకి పోతుంది,
మన ఊరి కూరల్లో పడేది మధ్యరకమే.

మొదట ఎర్రది దించాడు కుర్రాడు.
తల మీద పెద్ద పేరు. ఒళ్లంతా నిగనిగ.
పైన మంచి కాయ పేర్చిన బస్తాని చూసినట్టే చూశాను.
మెడ అంచున బొటనవేలు నడిపితే
ఫ్రెట్లు తొడిమల్లా గుచ్చుకున్నాయి.
డబ్బంతా పేరుకే పోయినట్టుంది.

రెండోది బూడిద రంగు.
దాని పేరు ఎప్పుడూ వినలేదు, చదివినా నోరు తిరగలేదు.
"రోస్టెడ్ మేపుల్ మెడ సార్."
వేయించారా?
వేయించారట, చెక్కలో తేమంతా పోయేదాకా.
తేమ పోయిన సరుకు చెడదని
నాకు చెబుతున్నాడు, నాకు!
స్టెయిన్‌లెస్ ఫ్రెట్లు. నా చెమటకి తుప్పెక్కవట.
లాకింగ్ ట్యూనర్లు. తీగని పట్టాయంటే ఉడుంపట్టు.
రెండు హంబకర్లు,
జనరేటర్‌తో గొంతు కలపనివి.
నాబ్ పైకి లాగితే ఒక కాయిల్ పడుకుంటుంది,
స్వరం సన్నబడుతుంది
జలుబు వదిలిన పిల్లాడి గొంతులా.

వాయించాను. గోళ్ల సందుల్లో నిన్నటి మంట ఇంకా ఉంది.
పాతదాంట్లో పదిహేనో గడి దగ్గర చెక్క అరచేతికి అడ్డొచ్చేది.
ఇందులో అక్కడ చెక్కేశారు.
చెయ్యి అలా వెళ్లిపోయింది, ఇరవై నాలుగో గడి దాకా.
ఇన్నాళ్లూ నా పాటలు
సందు మొదట్లోనే వెనక్కి తిరిగాయన్నమాట.

ముప్పై తొమ్మిది వేల ఐదొందలు.
"ఫిక్సెడ్ రేటండీ," అన్నారు గల్లా దగ్గర మొహిద్దీన్ గారు.
ఇప్పుడు యార్డులో కూడా రేటు తెర మీదే పడుతుంది.
తువ్వాలు బేరం నాకు నేర్పిన కాటా కోటిలింగం
పోయి ఆరేళ్లు.
ఏమనిపించిందో,
భుజం మీది తువ్వాలు తీసి
ఆయన చేతి మీద కప్పాను.

కుర్రాడు ఒక అడుగు వెనక్కేశాడు.
ఆయన చెయ్యి లాక్కోలేదు.
కాసేపు కదల్లేదు కూడా.
తర్వాత లోపల నా వేళ్లు మూడు పట్టుకుని,
ఆగి, ఇంకొన్ని పట్టుకున్నారు.
నేను ఒకటి మడిచాను. ఆయన మళ్లీ విప్పారు.
"మా నాన్న పాత యార్డులో దలారీ," అన్నారు
గోడ కేసి చూస్తూ.
"ఈ భాష విని ముప్పై ఏళ్లయింది."

ఎంతకి తెగిందో చెప్పను.
తువ్వాలు కింద మాట తువ్వాలు కిందే.
కేబులు, స్ట్రాపు ఊరికే ఇచ్చారు.
గాజు తలుపు దాటి వెనక్కి చూస్తే
ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు.
నా చేతి ఘాటే అయ్యుంటుంది.

రాత్రి. ఇల్లంతా నిద్ర.
ఆంప్‌కి తగిలించలేదు.
కరెంటు లేని ఎలక్ట్రిక్ గిటారు
గింజలు కదిలినంత చప్పుడే చేస్తుంది.
అదే వింటూ కూర్చున్నాను.
అటు తిరిగి పడుకునే మా ఆవిడ అంది,
"తుమ్మొస్తోంది. చేతులు కడుక్కున్నావా అసలు?"